పడవలో మామ్మ కుర్చీ

నా చిన్నప్పుడు మేము భిలాయిలో ఉక్కు ప్లాంటు క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా తాతయ్య ప్లాంటులోనే వడ్రంగి. ఊరంతా ఇనుము కరిగిస్తుంటే ఆయన దగ్గర మాత్రం చెక్కపొట్టు వాసన వచ్చేది. దుర్గ్ దగ్గర శివనాథ్ నదిలో ఆయనకో పాత పడవ ఉండేది. వానలు తగ్గాక ఆదివారాలు ఇరుగుపొరుగుతో కలిసి అందులో షికారుకు వెళ్లేవాళ్లం.

ఒక ఆదివారం మామ్మ పడవెక్కగానే ఎదురింటి మావయ్య, "అరే అత్తా, నువ్వు దిగితేగానీ పడవ తేల్దు!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. మామ్మ పులిహోర గిన్నెతో సహా దిగిపోయి ఒడ్డున కూర్చుంది. ఆ తర్వాత ఎంత బతిమాలినా పడవెక్కలేదు.

కొన్నాళ్లకు తాతయ్య పడవ బాగుచెయ్యడానికి కూర్చున్నాడు. నేను పక్కన చేరి, "మావయ్య కూకునే బల్లకి మేకులు ఒదులు చేసీ తాతా, నీళ్లలో పడతాడు" అన్నాను.

ఆయన సుత్తి కింద పెట్టాడు. "తప్పమ్మా. పగ మనిషి మీద, పడవ మీద కాదు. ఎక్కినోడు ఎవుడైనా ఒడ్డుకి దిగాల."

అలాగని క్షమించాడనుకునేరు! తన టేకు పడక్కుర్చీ విప్పేసి, మామ్మ వంటింటి పీట కొలతతో, చేతులు పెట్టుకోవడానికీ వీపు ఆనించడానికీ వీలుగా కుర్చీ చేసి పడవ నడిమధ్య బిగించాడు. మిగతావాళ్లకు అంచుల వెంట బల్లలు వేశాడు. ఆ కుర్చీ ముందు, ఎంత బాగుచేసినా ఆ పాత పడవ అడుగున నీళ్లు ఊరే చోట, ఒక చిన్న పీట అమర్చాడు. పక్కనే చెక్క కొక్కేనికి నీళ్లు తోడే డబ్బా తగిలించాడు. ఆ పీటను ఎంత నున్నగా చిత్రిక పట్టాడో!

ఆదివారం మామ్మ కుర్చీని చేత్తో తడిమి చూసింది. ఎక్కి కూర్చుంది. మావయ్య తెల్ల ప్యాంటులో వచ్చేసరికి బల్లలన్నీ నిండిపోయాయి.

"రా అల్లుడా, నీకోసమే చేసినాను" అంటూ తాతయ్య ఎంతో మర్యాదగా పీట చూపించాడు.

కాసేపటికి నీళ్లు మావయ్య పాదాలకు తగిలాయి. తోడాడు. ఆపితే ప్యాంటు తడుస్తుంది, మళ్లీ తోడాడు. తిరిగి ఒడ్డు చేరేదాకా మామ్మ కాళ్ల దగ్గర కూర్చుని తోడుతూనే ఉన్నాడు. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

దిగేటప్పుడు మామ్మ నెమ్మదిగా అంది. "నువ్వు లేకపోతే ఈ పడవ తేల్దు బాబూ."

ఈసారి పగలబడి నవ్విన వాళ్లలో నేనే ముందు.

ఇప్పుడు భిలాయిలోనే వైశాలి నగర్‌లో ఉంటున్నాను, నాకూ మామ్మ వయసు వచ్చింది. నన్ను నవ్వులపాలు చేసినవాళ్లను ఇప్పటికీ మర్చిపోను. ఓపిగ్గా వాళ్లకు తగిన పీట చేయిస్తాను. మేకులు మాత్రం గట్టిగానే బిగిస్తాను.