ఖాళీ ఊయల ఒక్క ఊపు

నేను కోతలు కోస్తానని మావాళ్లందరికీ తెలుసు. చేపపిల్లను మొసలిని చేస్తాను, ఒప్పుకుంటాను. కానీ అన్నం ముందు కూర్చుని చెబుతున్నాను, ఇందులో రవ్వంత కూడా కలపలేదు... కలపాల్సిన అవసరమే రాలేదు.

అమీర్‌పేటలో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల కాగితాలే అంటించి ఉన్న రోజులు. మెదక్ దగ్గర మా ఊరి నుంచి ఒక్క సంచితో దిగాను. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. పంజగుట్టలో ఐటీ ఉద్యోగుల ఇంట్లో ఆయా పని. తిండి, నిద్ర అక్కడే. నాలుగో అంతస్తు. లిఫ్టులో ఊరికే మూడుసార్లు ఎక్కి దిగాను.

వాచ్‌మన్ యాదగిరన్న చూశాడు. "ఏందమ్మా, జాతర్ల రంగులరాట్నం అనుకుంటున్నవా?"

"టికెట్ అడుగుతలేరు కదన్నా."

"ఎక్కు, ఎక్కు. నీకంటె ముందు ముగ్గురు ఆయాలు పోయిండ్రు. ఒక్కతి సుత వారం ఉండలె. పాప రాత్రంత ఏడుస్తదట."

మేడమ్ శ్రావణి గారిది రాజమండ్రి వైపు. భర్తకు ఆఫీసులో నైట్ షిఫ్టు. ఆవిడ సూటిగా చెప్పేసింది. "చూడు సత్తెమ్మా, రాత్రంతా నాకు అమెరికా వాళ్లతో కాల్స్ ఉంటాయి. ఇవాళ చిన్ని ఏడవకుండా పడుకుంటే పని నీదే. లేదంటే పొద్దున్నే బస్సెక్కించేస్తాను. ఏమీ అనుకోకు."

పాప గదిలో ఒక తెల్ల డబ్బా పెట్టింది. ఇక్కడ చీమ చిటుక్కుమన్నా, ఆవిడ గదిలోని జోడు డబ్బాలో వినిపిస్తుందట.

ఊరికి తిరిగి వెళ్లే మాటే లేదు. పట్నంలో పని దొరికిందని వాడంతా చాటింపు వేసి వచ్చాను.

కొక్కేనికి చీర ఊయల నేనే కట్టాను. కొత్త ఊయలలో బిడ్డకంటే ముందు రుబ్బురోలు పొత్రం వేసి ఊపాలి. ఖాళీగా ఊపితే ఎవరినో రమ్మన్నట్టేనని మా అవ్వ అనేది. వంటింట్లో వెతికాను. రోలూ లేదు, పొత్రమూ లేదు. మిక్సీ ఉంది. దాన్ని ఊయలలో పడుకోబెట్టడం మేడమ్ చూస్తే... బస్సు దాకా కూడా ఆగదు.

కానీ ముడి గట్టిదో కాదో చూడాలిగా. ఖాళీ ఊయలను ఒక్క ఊపు ఊపాను. ఒక్కటే.

పాపను వేశాను. ఊయల తాడు మణికట్టుకు చుట్టుకుని చాప మీద వాలాను. ఎప్పుడు కునుకు పట్టిందో...

కిర్రు... కిర్రు...

ఊయల ఊగుతోంది. ఫ్యాను వేయలేదు, పాపకు జలుబు. కిటికీలు మూసే ఉన్నాయి. సరే, నిద్రలో నేనే ఊపుతున్నాను అనుకున్నాను.

చెయ్యి చూసుకున్నాను. తాడు లేదు.

అది బిర్రుగా సాగి... బీరువా పక్కన చీకట్లోకి పోయింది. బిగుస్తోంది... వదులవుతోంది... మళ్లీ బిగుస్తోంది.

అరవాలని నోరు తెరిచాను. తెల్ల డబ్బా మీది ఆకుపచ్చ లైటు నన్నే చూస్తోంది. అరిస్తే పాప లేస్తుంది. పాప లేస్తే బస్సు. నోరు మూసుకున్నాను.

పాప కదిలింది. మొహం ముడిచింది. "ఉఁ..." అంది. అటు నుంచి ఊపు జోరందుకుంది. నేను చీకటి వైపు తిరిగి, ఎంత మెల్లగా అనగలనో అంత మెల్లగా అన్నాను.

"అక్కా... జర మెల్లగ. పాలు కక్కుతది."

ఊపు తగ్గింది.

కిర్రు...... కిర్రు......

పాప పడుకుంది. నేను గోడకు ఆనుకుని తెల్లారేదాకా ఆ తాడునే చూశాను. వెలుతురు వచ్చేసరికి అది నేల మీద మామూలు తాడులా పడి ఉంది. బీరువా పక్కన నా సంచి తప్ప ఏమీ లేదు.

మేడమ్ కాఫీ గ్లాసు తనే తెచ్చి ఇచ్చింది. "ఎంత బాగా పాడావు సత్తెమ్మా, డబ్బాలో వింటూనే ఉన్నాను. మధ్యలో 'అక్కా, మెల్లగ' అన్నావు, అది కూడా పాటలోదేనా?"

నేను పాడలేదు. నాకు వినిపించింది కిర్రు ఒక్కటే.

"పల్లవి, మేడమ్," అన్నాను.

"పని నీదే. ఈ రాత్రి కూడా అదే పాడు."

మధ్యాహ్నం యాదగిరన్న, నేను పొద్దున అడిగిన పొత్రం ఎక్కడి నుంచో తెచ్చాడు. "మిక్సీ ఉండంగ గిదెందుకమ్మా?" అన్నాడు. తీసుకుని మంచం కింద దాచాను. రాత్రి తలుపు వేసి, ఖాళీ ఊయలను ఒక్క ఊపు ఊపాను. ఊయల విప్పేదాకా రోజూ ఊపాను.

పక్కింటి వాళ్లెవరో పాడుకునేది ఆ డబ్బాలోకి వచ్చిందేమో. అలా కూడా జరుగుతుందని ఒకాయన చెప్పాడు. జరుగుతుందేమో... మరి తాడు?

చిన్ని ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. మొన్న ఫోనులో ఏదో కూనిరాగం తీసింది. చక్కటి పాట.

"ఆయమ్మా, చిన్నప్పుడు నువ్వు పాడేదానివిగా. ఇక్కడిదాకా గుర్తుంది. తర్వాత ఏంటి?"

నాకేం తెలుసు... ఆ పాట నేను వినడం అదే మొదటిసారి.