సరస్సు మత్తడి

మేం ఆ ఆర్మీ పోస్టుకు చేరేసరికి అక్టోబరు చివర. పదమూడు వేల అడుగుల ఎత్తు. లారీ దిగగానే తల పగిలేంత నొప్పి. ఎదురుగా కొండమంచు కరిగి నిండిన చిన్న సరస్సు. మా బచ్చన్నపేట చెరువులో పావు వంతు ఉంటుందేమో. ఊళ్లో ఫోటో చూపిస్తే అందరూ స్వర్గం అంటారు. ఆ స్వర్గంలో ఒక చలికాలం డబ్బా కూరలు తిని చూడమనండి.

మా వైర్‌లెస్ ఆపరేటర్‌ది దంతాలపల్లి. చేపలు పట్టే ఇల్లు. తెలుగులో తిట్టుకోవడానికి నాకు అక్కడ వాడొక్కడే. నీళ్లలో ట్రౌట్ చేపలు, నీళ్ల మీద ఎర్ర బాతులు. ఒడ్డున నిలబడి గాలం వేసుకోనిచ్చేవారు. వాడు పులుసు పెడితే బంకరంతా గిన్నెలు నాకేది. డిసెంబరులో సరస్సు గడ్డకట్టింది. బాతులు వెళ్లిపోయాయి. మంచు మీద అడుగు పెట్టొద్దని సుబేదార్ ఆర్డర్ వేశాడు.

మన దగ్గర చెరువు నిండి, ఎక్కువైన నీళ్లు మత్తడి దూకుతుంటే చేపలన్నీ అక్కడికే చేరుతాయి. వాడు పుట్టినప్పటి నుంచి చూసింది అదే. సరస్సు నీళ్లు వాగులోకి జారే మూలను వాడు మత్తడి అనుకున్నాడు. పారే నీటి మీద మంచు పలుచగా కడుతుందని మా ఊళ్లలో ఎవరికి తెలుసు?

ఆ పొద్దున నేను సెంట్రీ. వాకీటాకీలో వాడి గొంతు.

"అన్నా, మత్తడి కాడున్న. మంచు కింద చేపలు కనబడుతున్నయి."

"ఎనకకు రారా. సాబ్ చూస్తే తోలు తీస్తడు."

"జర ఆగన్నా. ఒక్కటి పడితే వస్త. పులుసు తినక ఎన్ని దినాలాయె."

తర్వాత ఎంత పిలిచినా జవాబు లేదు. తాళ్లు, పారలు పట్టుకుని నలుగురం పరుగెత్తాం.

డ్యూటీ ముగిశాక దంతాలపల్లి వెళ్లాను. అప్పటికి దినాలు కూడా అయిపోయాయి. వాళ్లమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది.

"చెర్ల ఈదుకుంట పెరిగిన పోరడు బిడ్డా. నీళ్లల్ల ఎట్ల పోయిండు?"

"సలికి అవ్వా. ఎంటనే పాణం పోయింది. వానికేం తెల్వలే."

అంతకంటే ఏం చెప్పను? మేం వెళ్లేసరికి వాడు బతికే ఉన్నాడు. పడిన కన్నం దగ్గర లేడు, నీటి ఒరవడి మందపాటి మంచు కిందికి లాగేసింది. అద్దంలాంటి మంచు కింద వాడి అరచేయి కనిపించింది. పారతో కొట్టాను. చేయి ముందుకు జరిగింది. పాకుతూ వెళ్లి మళ్లీ కొట్టాను. మళ్లీ జరిగింది. ఉద్యోగం వదిలేశాను, ఊరికొచ్చాను, అది మాత్రం నన్ను వదల్లేదు. ఇక వదులుతుందన్న ఆశ కూడా లేదు. ఐదు వేళ్లూ విప్పి, మంచును లోపలి నుంచి తోస్తూ ఆ చేయి. కాస్త ముందుకు పోయాక మంచు తెల్లగా మారింది. ఇక కింద ఏమీ కనిపించలేదు.