టీబీకి తులసినీళ్ళు

మా నాన్నకి క్యాన్సర్ అని భవానీపురంలో మా వీధి వీధంతటికీ తెలుసు, ఒక్క మా నాన్నకి తప్ప. పాలు పోసే ఆవిడకి తెలుసు. ఇస్త్రీ బండి అతనికి తెలుసు. ఎదురింటి సాయిబుగారికి తెలుసు. ఆయన శుక్రవారం నమాజు నుంచి వస్తూ మా గేటు దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "ఎట్టా ఉందమ్మా ఆయనకి?" అని అమ్మని అడిగేవాడు. నాన్న వరండాలోకి రాగానే గొంతు పెంచి, "ఏం మేస్త్రీగారూ, దగ్గు తగ్గిందా?" అనేవాడు. అంత పకడ్బందీగా కాపాడుకున్నాం ఆ రహస్యాన్ని.

నాన్నకి మేం చెప్పింది టీబీ అని. ఇది రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. మా వైపు అప్పట్లో ఇదేం వింత కాదు, పెద్ద జబ్బు వచ్చిన మనిషికి దాని పేరు చెప్పకపోవడం ప్రేమ కిందే లెక్క. స్కాన్ చూసిన డాక్టరు నోరు తెరవబోతుంటే అమ్మ ఆయన్ని గది బయటికి పిలిపించి చేతులు జోడించింది. "చెప్పమాకండి బాబూ. ఆ మాట వింటే గుండాగిపోద్ది ఆయనకి." డాక్టరు వెంటనే తలూపాడు. రోజూ ఎంతమంది ఇలా చేతులు జోడిస్తారో ఆయనకి.

నాన్నకి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉండేది. తెల్లారి వెళ్తే చీకటి పడ్డాకే రావడం. ఒంటినిండా రంపపుపొట్టు, నోట్లో చుట్ట. లారీ ఓనర్లు బండి ఎప్పుడిస్తావని మీద పడితే, "రేపొచ్చి చూసుకోండి," అని నవ్వుతూ పంపించేసేవాడు. ఆ రేపు ఎప్పటికి వచ్చేదో ఆయనకే తెలియాలి. అబద్ధం ఆడటంలో అంత అనుభవం ఉన్న మనిషిని మేం అబద్ధంతో మభ్యపెట్టగలం అనుకున్నాం చూడండి, అదీ మా తెలివి.

రేడియేషన్‌ని మావాళ్ళందరూ కరెంటు పెట్టించడం అంటారు. నాన్నకి వారాల తరబడి కరెంటు పెట్టించాం. అక్కడ వరసల్లో కూర్చున్నవాళ్ళ మెడల మీదా రొమ్ముల మీదా ఊదారంగు గీతలుండేవి. నాన్న ఛాతీ మీదా గీశారు. ఆయన ఆ గీతల వైపు చూసుకునేవాడు, పక్కవాళ్ళ గీతల వైపు చూసేవాడు, ఏమీ అడిగేవాడు కాదు. ఒక రోజు ఇంటికొచ్చే దారిలో ఆటోలో, "నాన్నకి చెప్పేద్దామే అమ్మా," అన్నాను, ఆయన ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చుని ఉండగానే, గుసగుసగా. అమ్మ నా చెయ్యి గిల్లింది. రక్కినట్టు అచ్చు పడింది. మళ్ళీ నేను ఆ ఊసెత్తలేదు.

ఆ ఎండాకాలం కృష్ణలో నీళ్ళు లేవు. బ్యారేజీ కింద ఇసుక తేలి, మధ్యాహ్నం దాని మీంచి వచ్చే గాలి మొహం కాల్చేది. నాన్నకి ఆయాసం ఎక్కువైంది ఆ రోజుల్లోనే. రెండు మెట్లెక్కి నిలబడిపోయేవాడు. ఒక ఉదయం మంచం మీద లేచి కూర్చున్నవాడు ఇక పడుకోలేకపోయాడు, పెదాలు నీలంగా మారాయి. తమ్ముడు షెడ్డు నుంచి వ్యాను తెచ్చాడు. ఆసుపత్రికి వెళ్ళగానే తిన్నగా ఐసీయూలోకి తీసుకెళ్ళారు.

మర్నాడు డాక్టరు అమ్మనీ తమ్ముడినీ నన్నూ కూర్చోబెట్టి చెప్పాడు. జబ్బు రెండు ఊపిరితిత్తులకీ పాకింది. మూతికి పెట్టిన మాస్కు ఇంకెంతో సేపు సరిపోదు. గొంతులో గొట్టం వేసి వెంటిలేటరు పెట్టొచ్చు. పెడితే కొన్ని రోజులు నడుస్తుంది, కానీ మాట ఉండదు, మళ్ళీ తీయగలమన్న నమ్మకం లేదు. పెట్టకపోతే బాధ తెలియకుండా మందిచ్చి చూసుకుంటాం. ఏం చెయ్యమంటారో మీ ఇష్టం అన్నాడు.

అమ్మ ఆలోచించనైనా లేదు. "ఇంకా హింస పెట్టమాకండి బాబూ ఆయన్ని." తమ్ముడు తల దించుకునే ఊపాడు. నేనూ సరేనన్నాను. బయటికొచ్చాక వరండాలో ఒకళ్ళకొకళ్ళం ధైర్యం చెప్పుకున్నాం. ఆయన్ని అడిగినా ఇదే అంటాడు అనుకున్నాం. ముప్ఫయ్యేళ్ళు కాపురం చేసిన అమ్మకి తెలియదా, ఆయన చేతికింద పెరిగిన మాకు తెలియదా. అడగొచ్చు కదా, మనిషి తెలివిలోనే ఉన్నాడు కదా అని మాత్రం ముగ్గురిలో ఎవరమూ అనలేదు. అడగాలంటే ముందు చెప్పాలి మరి.

ఆ సాయంత్రం పామర్రు అవతల ఊరి నుంచి మా మేనత్త దిగింది. నాన్నకి అక్క, తల్లి పోయాక ఆయన్ని పెంచిన మనిషి. ఐసీయూలోకి సాయంత్రం కాసేపు, ఒక్కొక్కళ్ళనే పంపేవాళ్ళు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, ఒక్కతే నడవలేదని సిస్టర్‌ని బతిమాలి నేనూ చెయ్యి పట్టుకుని వెళ్ళాను. చెప్పులు బయట విడిచి ఆకుపచ్చ గౌన్లు తొడుక్కున్నాం. చీర మీద ఈ గోనెసంచి ఏమిటని అత్తయ్య అక్కడ కాసేపు పేచీ పెట్టింది.

నాన్న దిళ్ళకి ఆనుకుని కూర్చునే ఉన్నాడు. మాస్కు పట్టీలు చెంపల్లోకి దిగి ఎర్రగా చారలు కట్టాయి. మమ్మల్ని చూడగానే కళ్ళు ఎగరేశాడు. సిస్టర్ మాస్కు తీసి, ముక్కులకి సన్నగొట్టంతో ఆక్సిజన్ పెట్టి, తడి గుడ్డతో పెదాలు తుడిచింది. రోజులో ఆ కాసేపే ఆయనకి మాట్లాడే వీలు. ఆవిడ పక్క బెడ్డు వైపు తిరిగిందో లేదో, అత్తయ్య బొడ్లోంచి చిన్న మందుసీసా తీసింది. అందులో నీళ్ళు, నీళ్ళలో తులసాకులు. రెండో చేతిలో రాగి ఉద్ధరిణి.

మనిషి నోట్లో తులసినీళ్ళు ఎప్పుడు పోస్తారో మా వైపు పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. పోయేముందు పోస్తారు. నాన్నకి జబ్బు పేరు చెప్పకూడదని అత్తయ్యకీ గట్టిగా చెప్పే ఉంచాం, ఆవిడ చెప్పనూ లేదు. తన తమ్ముడు గొంతు తడి లేకుండా పోకూడదన్నదొక్కటే ఆవిడకి పట్టింది. నేను మోచెయ్యి పట్టుకునేలోపే ఉద్ధరిణి ఆయన మూతి దగ్గరికి వెళ్ళిపోయింది.

నాన్న పెదాలు బిగించాడు. ఉద్ధరిణిలోకి చూశాడు. అందులో తేలుతున్న ఆకుని చూశాడు. తర్వాత అక్క మొహంలోకి చూశాడు.

"దాహంగా లేదక్కా," అన్నాడు.

కోపంగా అనలేదు. భోజనానికి కూర్చోమంటే, ఇప్పుడే తినొచ్చానండీ అంటామే, అలా అన్నాడు. అత్తయ్య చేతిలో ఉద్ధరిణి ఒరిగి నీళ్ళు దుప్పటి మీద పడ్డాయి. ఆవిడ్ని బయట అమ్మ పక్కన కూర్చోబెట్టి నేను మళ్ళీ లోపలికి పరిగెత్తాను. సిస్టర్ మాస్కు పెట్టబోతుంటే నాన్న చేత్తో ఆపి, నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"టీబీకి తులసినీళ్ళు పోస్తారా అమ్మాయ్?"

నవ్వాడు కూడా. ఆ నవ్వు నేను తట్టుకోలేకపోయాను. ఆయన మీద పడి ఏడవబోతే చెయ్యెత్తి వారించాడు. మాట్లాడటానికి ఊపిరి ఎక్కువ లేదని ఆయనకి తెలుసు.

"క్యాన్సర్ నాన్నా," అన్నాను.

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ."

తలూపాడు. తనకి ముందే తెలుసనో, అప్పుడే తెలిసిందనో ఆ తల ఊపడంలో నాకు ఏమీ దొరకలేదు. ఇప్పటికీ దొరకదు. నేను ఆగకుండా మిగతాది కూడా చెప్పేశాను. గొట్టం సంగతి, పెడితే మాట ఉండదన్న సంగతి, మళ్ళీ తీయలేకపోవచ్చన్న సంగతి, అమ్మ వద్దన్న సంగతి. "నువ్వేమంటావు నాన్నా?" అని అడిగాను. ఆయన వద్దంటాడని నాకు ఎంత నమ్మకమంటే, ఆ మాట ఆయన నోటంట విని అమ్మకి చెబితే ఆవిడ మనసు కుదుటపడుతుందని అప్పుడే అనుకుంటున్నాను.

ఆయన కిటికీ వైపు చూశాడు. ఆ కిటికీకి తెల్లరంగు పూసిన అద్దాలు, అవతల ఏమీ కనబడదు.

"పెట్టించు," అన్నాడు. ఊపిరి తీసుకుని, "ఇంకొంచెం చూద్దాం," అన్నాడు.

బయటికొచ్చి చెబితే ఎవరూ నమ్మలేదు. "మత్తులో ఏదో అని ఉంటాడక్కా," అన్నాడు తమ్ముడు. అమ్మ నా వైపు ఎప్పుడూ చూడని చూపు చూసింది. "ఆయన ఆ మాట అనడు. ఆయన సంగతి నాకు తెలీదా? నీకు తండ్రిని వదులుకోబుద్ధి కాక చెప్తన్నావు." నాకు ఒళ్ళు మండింది. "పోనీ వెళ్ళి నువ్వే అడుగు," అని ఆసుపత్రి వరండాలో అరిచాను. అమ్మ వెళ్ళలేదు. అడగడానికి భయపడిందని ఇప్పుడు అర్థమవుతోంది, అప్పుడు మొండితనం అనుకున్నాను. డాక్టరు మాత్రం తనే లోపలికి వెళ్ళి నాన్నతో మాట్లాడి వచ్చాడు. "పెట్టమంటున్నారమ్మా," అన్నాడు. అయినా అమ్మ నాతో మాట్లాడలేదు.

గొట్టం వేశారు. ఆ తర్వాత నాన్న గొంతు నేను మళ్ళీ వినలేదు. మత్తుమందు మోతాదు తగ్గినప్పుడల్లా చెయ్యి గొట్టం మీదికి పోతోందని రెండు చేతులూ గాజుగుడ్డతో బెడ్డు కడ్డీలకి కట్టారు. ఒకసారి కట్టు వదులైనప్పుడు గొట్టం లాగేసుకోబోయాడట. "అందరూ లాగుతారమ్మా, తెలివితో చేసేది కాదు," అంది సిస్టర్. కావచ్చు. కానీ ఎంత పెద్ద దూలాన్నైనా ఒంటిచేత్తో తిప్పిన మనిషి, ఆ చేతుల్ని ఊరికే కదిలించడని నా మనసు. మనసు మార్చుకున్నాడేమో. మార్చుకుంటే ఆ మాట చెప్పడానికి ఆయనకి నోరూ లేదు, చెయ్యీ లేదు. నేను వెళ్ళి కట్ల కింద ఒరుసుకుపోయిన చోట కొబ్బరినూనె రాసేదాన్ని. ఆయన నన్ను చూసేవాడు. రెప్ప వెయ్యకుండా చూసేవాడు. ఎందుకు చూస్తున్నాడో తెలియక నేను అటూ ఇటూ ఏదో ఒకటి సర్దేదాన్ని.

ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు. బస్సులో ఎదురుసీట్లో ముసలాయన ఊరికే చూస్తున్నా లేచి వెనక్కి పోతాను. ఎవరింటికైనా వెళ్తే మంచినీళ్ళ గ్లాసు అందించగానే "దాహంగా లేదండీ" అన్న మాట నా నోటంట వచ్చేస్తుంది, అని ఉలిక్కిపడతాను. ఆటోనగర్ మీదుగా పోయేటప్పుడు సుత్తిదెబ్బలు వినబడితే బాగానే ఉంటుంది. అవి ఆగిన చోటే భయం.

రెండో వారంలో కిడ్నీలు పని మానేశాయి. డాక్టరు మమ్మల్ని మళ్ళీ కూర్చోబెట్టాడు. డయాలిసిస్ మొదలుపెట్టాలా, ఇంతటితో చాలనుకోవాలా అని అడిగాడు. ఈసారి అమ్మా తమ్ముడూ ఇద్దరూ నా వైపు చూశారు. మాలో ఆయన మాట విన్నది నేనే కదా.

"ఒక్కసారి అడిగొస్తాను," అన్నాను.

అమ్మ కూడా నా వెనకే వచ్చి అద్దం తలుపు బయట నిలబడింది. అక్కణ్ణించి ఆవిడకి నా వీపు తప్ప నాన్న మొహం కనబడదు. నాన్న ఒళ్ళు ఉబ్బింది, ఉంగరం వేల్లోకి దిగిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. చెవి దగ్గరికి వంగి, "నాన్నా, ఇంకా చూద్దామా?" అన్నాను. "చూద్దామంటే ఒకసారి కళ్ళు ముయ్యి. వద్దంటే రెండుసార్లు." మిషను ఊపిరి పోస్తోంది, తీస్తోంది. ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి, నన్ను చూస్తున్నాయని చెప్పలేను. మళ్ళీ అడిగాను. చెయ్యి కట్టు విప్పి నా అరచేతిలో పెట్టుకుని నొక్కమన్నాను. చెయ్యి వెచ్చగా ఉంది. అంతే. రెప్ప పడలేదు, వేలు కదల్లేదు. నేను అలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నిలబడ్డ కొద్దీ నాకు తెలిసిందల్లా, ఇక ఆయన్ని నేను చూడలేనని. నేను చూడలేను.

బయటికొచ్చాను. అమ్మ నా రెండు భుజాలూ పట్టుకుంది. "ఏమన్నాడే?"

"చాలన్నాడమ్మా," అన్నాను.

"ఆయనే అన్నాడా?"

"రెండుసార్లు కళ్ళు మూశాడు."

అమ్మ నా భుజం మీద తల పెట్టి, ఇన్నాళ్ళకి మొదటిసారి గట్టిగా ఏడ్చింది. ఆ మర్నాడు మధ్యాహ్నం నాన్న పోయాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది, ఆయన తనంతట తానే కళ్ళతో చెప్పి వెళ్ళాడని. నాన్న నిజంగా అన్న మాట నేను చెబితే నమ్మలేదుగానీ, ఈ మాట మాత్రం నమ్మింది. ఆవిడ చెబుతున్నంతసేపూ నేను పక్కనే కూర్చుని, అవునని తలూపేదాన్ని.