ఆరిన్ చెక్కిన కర్రముక్క

వెర్నా మా ఊరి స్కూలు బస్సు నడుపుతుంది. మోకాలి లోతు మంచు పడినా ఆమె బస్సు ఆగిన రోజు లేదు, ఆమె నోరు మూతపడిన రోజూ లేదు. భర్త ఆరిన్ పోయాక, అతని తుపాకి భుజాన వేసుకుని ఏటా ఆకురాలే కాలంలో బాతుల వేటకు ఒంటరిగా చిత్తడి నేలల్లోకి దిగేది. గురి తప్పితే బాతుల్ని తిట్టేది. నేను అదే ఊళ్లో, అంటే పైన్‌ఫోర్క్‌లో, కార్ల సైలెన్సర్లు బాగుచేసుకుని బతికేవాణ్ని, ఆమెకు చిన్నప్పటి నేస్తాన్ని. ఈ సంగతి నేను చెప్పడమే న్యాయం. మా ఊళ్లో ఇంకెవరు చెప్పినా సగం మింగేస్తారు.

ఆ తుపాకిలో తూటాలు నింపే మ్యాగజైన్ అంటే, కాల్చే గొట్టం కింద ఉండే ఇంకో గొట్టమే. తూటాలు ఒకదాని వెనక ఒకటి అందులోకి దూరతాయి. బాతుల వేటకు వెళ్లేటప్పుడు తుపాకిలో మొత్తం మూడు తూటాలకు మించి పట్టకూడదు. అందుకని మా వేటగాళ్లంతా ఆ గొట్టంలో ఒక కర్రముక్క దూర్చి జాగా తగ్గిస్తారు. తాతల నాటి అలవాటు. వెర్నా తుపాకిలోది ఆరిన్ మేపుల్ కొమ్మతో చెక్కింది. వేటల ఇన్‌స్పెక్టరు నీటి ఒడ్డున ఆపి, తూటాలు పెట్టి చూసి, నాలుగోది పట్టకపోతే "బాగుందమ్మా, వెళ్లు" అనేవాడు. కర్ర ఉంటే చట్టం మన పక్కనే అని ఊరంతా ధీమాగా ఉండేవాళ్లం.

పోయిన వసంతంలో రాజధానిలోని పెద్దమనుషులు కొత్త చట్టం తెచ్చారు. ఇలాంటి తుపాకుల మ్యాగజైన్‌లో ఐదు తూటాలకు మించి పట్టకూడదట. ఎంత పొడుగు తూటాలో మాత్రం రాయలేదు. మామూలువైతే, కర్ర తీసేసినా వెర్నా గొట్టంలో ఐదే పడతాయి. ఇప్పుడు దాణా కొట్టులో పొట్టి తూటాలు అమ్ముతున్నారు. కర్ర తీసేస్తే అవి ఎనిమిది పడతాయి. మరి అది ఐదు తూటాల తుపాకా, ఎనిమిది తూటాల తుపాకా? కర్ర లెక్కలోకి వస్తుందా, రాదా? రాసినవాళ్లకే తెలియదని నా అనుమానం. వాళ్లలో ఒక్కడూ బురదలో బూటు పెట్టి ఉండడు.

సరిగ్గా అప్పుడే డారెల్ అనేవాడు ఊళ్లో దిగాడు. నది వంపు దగ్గర ఇల్లు కొన్నాడు. శనివారం పొద్దున వేటగాళ్ల క్లబ్బులో మేమంతా గుడ్లూ పాన్‌కేకులూ తింటుంటే, కాఫీ కప్పు పట్టుకుని బల్ల బల్లకీ తిరుగుతూ ఒకటే ప్రశ్న.

"మీ తుపాకిలో ఎన్ని పడతాయండీ?"

తినేవాళ్ల చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"నా నోట్లో నాలుగు పాన్‌కేకులు పడతాయి. చాలా?" అన్నాడు పెనం దగ్గర నిలబడ్డ గస్. క్లబ్బుకు వంట చేసేది అతనే.

డారెల్ నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. వేటకు వెళ్లేవాడి బూట్లు అంత శుభ్రంగా ఉంటాయా? బండి మీద రెండు యాంటెన్నాలు దేనికి?

"పోలీసుల మనిషి," అన్నాను వెర్నా చెవిలో.

"నీకు పోస్టుమాన్ కూడా పోలీసుల మనిషే కదా క్లైడ్," అంది. అంది గానీ ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. కేసు పడితే చాలు, అది రుజువు కాకముందే బస్సు తాళాలు లాగేసుకుంటారు. బస్సు పోతే ఆమెకు మిగిలేది ఒక ఖాళీ ఇల్లు, అందులో ఒక టీవీ.

ఆ వారమే పట్నంలో లాయరమ్మ దగ్గరికి నన్నూ లాక్కెళ్లింది.

"మా చుట్టం ఒకావిడ దగ్గర ఇలాంటి తుపాకి ఉంది," అని మొదలుపెట్టింది వెర్నా.

"ఆ చుట్టాన్ని ముందు కూర్చోమనండి," అంది లాయరమ్మ కుర్చీ చూపిస్తూ.

వెర్నా కూర్చుంది. "గొట్టంలో కర్ర ఉంది కదండీ, చాలదా?"

"లాగితే వచ్చేస్తుంది కదా. చాలదని ప్రభుత్వ వకీలు అనొచ్చు. అనకపోవచ్చు. కోర్టులో ఇంకా తేలలేదు."

"పోలీసుల్నే అడిగితే?"

"తుపాకి పట్టుకెళ్లి అడిగితే, నా దగ్గరుందని ఒప్పుకున్నట్టే."

"మరి తేలేదెప్పుడు?"

"ఎవరో ఒకరి మీద కేసు పెట్టినప్పుడు. ఆ ఒకరు మీ చుట్టం కాకుండా చూసుకోమనండి. అమ్మినా చిక్కే. ముక్కలు చేస్తే ఏ గొడవా లేదు."

మర్నాడు వెర్నా తుపాకి నా షెడ్డుకు తెచ్చింది. ముందు కర్రముక్క బయటికి తీసి కోటు జేబులో వేసుకుంది. ఆ తర్వాత "కానీ" అంది. ఎన్నో బండ్లను కోసిన గ్యాస్ మంటతోనే దాన్ని ముక్కలు చేశాను. ఆరిన్ ఆ తుపాకిని పసిపిల్లాడిలా తుడిచేవాడు. నాకు ఏడుపొచ్చింది. మంటకు అడ్డం పెట్టుకునే నల్ల కళ్లజోడు ఉంది కాబట్టి బతికిపోయాను.

ముక్కల మీద గోనె కప్పామో లేదో, డారెల్ లోపలికొచ్చాడు. చంకలో దుప్పటి చుట్ట.

"క్లైడ్ గారూ, ఇది మా మామగారి బాతుల తుపాకి. కర్రయితే ఉంది. కొత్త చట్టానికి అది చాలుతుందా? ఎవర్నడిగినా మొహం తిప్పుకుంటున్నారు. మీరంతా ఏం చేశారు?"

"మేం తుపాకులు ముట్టుకోం," అన్నాను.

వెర్నా వైపు తిరిగాడు. "మీరు వేటకు వెళ్తారని విన్నాను."

"ఎవరన్నారు? బాతులంటే నాకు జాలి," అంది. గోనె కింద ముక్కలు ఇంకా చల్లారలేదు.

"సరే, పోలీసుల్నే అడుగుతాను. అడిగితే తప్పేముంది?"

వెర్నా నోరు తెరిచింది. వద్దని నేను తల అడ్డంగా ఊపాను. కావాలనే ఆ మాట అంటున్నాడని, మా నోటితో చెప్పించడానికేనని నా అనుమానం. ఆమె నోరు మూసుకుంది. డారెల్ వెళ్లిపోయాడు.

నిజంగానే స్టేషనుకు వెళ్లాడు. వాళ్లు కర్ర లాగేసి, పొట్టి తూటాలు తెప్పించి నింపి చూశారు. ఎనిమిది పట్టాయి. అక్కడికక్కడే బేడీలు వేశారు.

"అయితే పోలీసుల మనిషి కాదన్నమాట," అన్నాడు గస్ ఆ శనివారం. కొందరు నవ్వారు కూడా. అంతలో డారెల్ భార్య రెనీ తలుపు తోసుకుని వచ్చింది. కూర్చోమని ఒక్కరూ అనలేదు.

"ఈ ఊళ్లో కర్ర ఉంటే చాలనే అందరూ అనుకుంటారని ఎవరైనా కోర్టులో చెప్పాలట," అంది. "అలా చెబితే ఆయన కావాలని చేయలేదని నమ్ముతారంటున్నాడు మా లాయరు. ఒక్కరు వస్తే చాలు."

అందరం ప్లేట్లలోకి చూశాం.

"కర్రా? ఏం కర్ర?" అన్నాడు గస్.

వెర్నా కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. కోటు జేబులోంచి ఆరిన్ చెక్కిన ముక్క తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ కర్ర. మా ఆయన చెక్కింది. మొన్నటిదాకా నా తుపాకిలోనే ఉంది. ఏ రోజు రావాలో చెప్పమ్మా."

"వెర్నా, బస్సు?" అన్నాను ఆమె చెయ్యి పట్టుకుని.

"నువ్వు నడుపు," అంది చెయ్యి విదిలించుకుని.

రెనీ ఆ కర్రముక్కను రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది. గస్ పొయ్యి కట్టేశాడు. నేను మాత్రం రెనీ కోటు జేబు వంకే చూస్తున్నాను, లోపల రికార్డరేమైనా ఉందేమోనని.