బేస్తారం చూస్తనన్న బాట

లింగంపేట మండలంలో మెయిన్ రోడ్డు నుంచి లోపలికి ఉన్న చిన్న ఊరు మాది. నేను టెంట్ హౌజ్ నడుపుతాను. షామియానాలు, కుర్చీలు, వంట గంజులు కిరాయికి ఇస్తాను. చదువు ఏడో తరగతితో ఆగింది గానీ లెక్కలు మాత్రం పెళ్లి పందిళ్ల కింద నాకు నేనే నేర్చుకున్నాను. ఎన్ని పత్రికలు పంచారో చెబితే ఎంతమంది భోజనానికి వస్తారో చెప్పగలను. వానాకాలం పెళ్లికి ఒక లెక్క, ఎండాకాలం పెళ్లికి ఇంకో లెక్క. నాయకుల మీటింగుల లెక్క వేరే ఉంటుంది. పదకొండింటికి వస్తారంటే ఒంటిగంట దాకా కుర్చీల దుమ్ము తుడవక్కర్లేదు. వెయ్యిమంది వస్తారంటే ముందు సగం కోసి, మిగిలినవాళ్లలో మాటలు వినడానికి వచ్చేవాళ్లెందరో, అన్నం వాసనకు వచ్చేవాళ్లెందరో విడదీసుకోవాలి. ఇన్నేళ్లలో నా అంచనా పూర్తిగా తలకిందులైంది ఒక్కసారే, అదీ మా పక్కింటి అవ్వ వల్ల. తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

అవ్వ మనుమరాలు ఆ ఏడు పదో తరగతి పాసై ఎల్లారెడ్డిలో ఇంటర్‌లో చేరింది. మొదట్లో బస్సు మా ఊళ్లోకి వచ్చేది. వానలకు కల్వర్టు పక్క మట్టి కొట్టుకుపోయింది, రెండు వైపులా తుమ్మకొమ్మలు బాట మీదికి వంగాయి. బస్సు లోపలికి రావడం మానేసి మెయిన్ రోడ్డు మీదే దించి పోసాగింది. కాలేజీ వదిలాక పిల్ల ఆ బస్సు దిగేసరికి చీకటి పడేది. అక్కడి నుంచి ఊరిదాకా మక్కచేన్ల మధ్య ఒక్కతే నడిచి రావాలి. కంకులు పాలు పోసుకునే కాలం, అడవి పందులు చేలల్లో తిరుగుతున్నాయి. పిల్ల తల్లి రోజూ బాట దగ్గర నిలబడి నిలబడి ఒకరోజు తేల్చి చెప్పేసింది.

"దసరా దాకా చూస్త. అప్పటికీ గిట్లనే ఉంటే సదువు బంద్. ఇంట్ల కూసోని బీడీలు చేస్తది."

అనడమే కాదు, ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే కొత్త చాట ఒకటి కొని తెచ్చి గోడకు తగిలించింది. పిల్ల దాని వైపు చూడకుండానే అన్నం తినేదట. ఆ సంగతి చెప్పినప్పుడు అవ్వ గొంతులో ఎప్పుడూ ఉండే ఎకసెక్కెం లేదు.

మరుసటి వారం చిరిగిన షామియానా గుడ్డ కుట్టించడానికి నేను ఎల్లారెడ్డి పోతుంటే అవ్వ కూడా బయలుదేరింది. అక్కడ మా నాయకుడి ఆఫీసు ఉంది. ఎన్నికల్లో గెలిచిన మనిషి, పొద్దున పూట ఎవరొచ్చినా కలుస్తాడు. గుమ్మంలో ఆయన పీఏ అవ్వను ఆపాడు.

"దరఖాస్తు ఏది అవ్వా?"

"నోరున్నది గదా బిడ్డా, కాయితమెందుకు?"

లోపల నాయకుడు చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని, ఒక చేత్తో వచ్చినవాళ్ల భుజం తడుతూ మాట్లాడుతున్నాడు. చెడ్డవాడని అనలేను. కసురుకోడు, కూర్చోమంటాడు, చాయ్ తాగమంటాడు. అయితే ఎవరేం అడిగినా ఆయన దగ్గర ఒకటే జవాబు ఉంటుంది. అవ్వ బస్సు సంగతంతా చెప్పి, "ఆడోళ్లకు టికెట్ లేదంటిరి, మంచిగున్నది. ఇప్పుడు మాకు టికెటూ లేదు, బస్సూ లేదు" అంది. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆయనా నవ్వి ఆ జవాబే చెప్పాడు.

"అయితది అవ్వా. నేను చూస్త."

అక్కడితో లేచి రావాలని మా అందరికీ తెలుసు. అవ్వ కదల్లేదు.

"ఎప్పుడు జూస్తవ్ బిడ్డా?"

"ఈ వారంలనే."

"ఏ దినం?"

ఫోన్‌లో అవతలివాళ్లు ఏదో అంటున్నట్టున్నారు. ఆయన అటు వింటూనే, "బేస్తారం అనుకో అవ్వా, బేస్తారం చూస్త" అన్నాడు. గురువారాన్ని మా దిక్కు బేస్తారమంటాం.

తిరుగు బస్సు ఎక్కీ ఎక్కకముందే అవ్వ మొదలుపెట్టింది. "బేస్తారం సారు మా ఊరికి వస్తుండు. బాట చూస్తడట." కండక్టర్‌కు చెప్పింది. నాగిరెడ్డిపేట నుంచి వస్తున్న ఇద్దరు ఆడవాళ్లకు చెప్పింది. వెనక సీటులో కునుకు తీస్తున్న ముసలాయనను లేపి మరీ చెప్పింది. నాకు పరేషాన్ అయింది.

"అవ్వా, చూస్త అన్నడు గని వస్త అనలే గదా?"

"బాట ఈడున్నది. ఆయన కండ్లు ఆడున్నయ్. రాకుంట ఎట్ల జూస్తడురా?"

ఈ లెక్కలో తప్పెక్కడుందో మెయిన్ రోడ్డు వచ్చేదాకా వెతికాను. దొరకలేదు.

మరునాడు పొద్దున్నే మండలంలో ఆ నాయకుడి పార్టీ పనులు చూసే ఆయన ఫోన్ చేశాడు. పెద్ద షామియానా, ఉన్న కుర్చీలన్నీ బేస్తారానికి కావాలన్నాడు.

"సారు వస్తుండని మీకు ఎవరు చెప్పిండ్రన్నా?" అని అడిగాను.

"ఎవరు చెప్పుడేంది? సారే స్వయంగ ఫోన్ చేసిండు నాకు!"

బస్సులో అవ్వ చెప్పిన మాట రాత్రికి రాత్రే ఆయనదాకా పోయిందన్నమాట. తనకు తెలియకుండా సారు వస్తున్నాడని ఒప్పుకుంటే మండలంలో ఆయన పరువేం కావాలి? అందుకే సారు ఆఫీసుకు ఫోన్ చేసి అడగనూ లేదు. ఏర్పాట్లన్నీ అయిపోయాయని మాత్రం పీఏకు చెప్పాడట. పీఏకు ఈ కార్యక్రమం గుర్తులేదు. మరిచిపోయానని తెలిస్తే తిట్లు తప్పవని వెంటనే బేస్తారం కామారెడ్డి కార్యక్రమం తర్వాత మా ఊరి పేరు చేర్చాడట. ఇదంతా తర్వాత నాయకుడి డ్రైవర్ అన్నం తింటూ పడీ పడీ నవ్వుతూ చెప్పాడు. అప్పటికి అసలు సంగతి నాకూ అవ్వకూ మాత్రమే తెలుసు. నేను బయటపెడదామనే అనుకున్నాను గానీ గోడకు తగిలించిన చాట గుర్తొచ్చి ఊరుకున్నాను.

మధ్యాహ్నానికి అవతలి పార్టీ ఆయన కూడా ఫోన్ చేశాడు. వాళ్లు నిరసన చేస్తారట, చిన్న షామియానా, ఒక మైకు కావాలట. వీళ్లిద్దరూ వరసకు బావ బామ్మర్దులు. కుర్చీలు వంతులు వేస్తుంటే నా ముందే ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు.

"ఏం బావా, నిరసనకు కుర్చీలెందుకు? నిలవడి అరవండ్రి."

"మీ సారు వచ్చేదాంక నిలవడితె మా కాళ్లు వాయవా బామ్మర్దీ?"

ఇక చూడాలి మా బాట సంబురం. సారు బండ్లకు గీతలు పడతాయని పంచాయతీవాళ్లు తుమ్మకొమ్మలు కొట్టేశారు. బండి దిగబడితే పరువు పోతుందని పార్టీ ఆయన తన ట్రాక్టర్‌తోనే మొరం తెప్పించి గుంతలు పూడ్పించాడు. కల్వర్టు పక్కన రాళ్లు పేర్చి, మట్టి పోసి, రోలరు తిప్పారు. "బాట మంచిగ చేసి సమస్య మాయం చేస్తున్నరు, మేము దేని మీద నిరసన చెయ్యాలె?" అని బావ గొడవకు దిగాడు. అవ్వ అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టుకుంటూ, వచ్చే ప్రతి ట్రాక్టరునూ పెళ్లికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూసింది.

బేస్తారం రానే వచ్చింది. నేను అనుకున్నట్టే పదకొండు ఒంటిగంట అయింది. అయితే జనం విషయంలోనే నా అంచనా తప్పింది. ఊరు ఊరంతా వచ్చింది, పక్క ఊళ్లవాళ్లూ వచ్చారు. బాటకు ఇటు పార్టీ షామియానా, అటు నిరసన షామియానా. ఇటు మజ్జిగ పోస్తే అందరూ ఇటు, అటు పులిహోర పెడితే అందరూ అటు. రెండు పక్షాలవాళ్లూ తమకు చాలామంది వచ్చారని మైకులో చెప్పుకున్నారు. కుర్చీలు నావి కాబట్టి నాకు తెలుసు, రెండు చోట్లా కూర్చున్నది ఆ మనుషులే.

నాయకుడు బండి దిగాడు. దండలు పడ్డాయి, నినాదాలు లేచాయి, అటువైపు నుంచి వ్యతిరేక నినాదాలూ లేచాయి. ఆయన చుట్టూ చూసి పీఏ చెవిలో అడగడం పక్కనే ఉన్న నాకు వినిపించింది.

"ఇక్కడ మనం ఏం ఓపెనింగ్ చేస్తున్నం?"

పీఏ మండల పార్టీ ఆయన వైపు చూశాడు. ఆయన షామియానా వైపు చూశాడు. ఇంతలో అవ్వ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"వచ్చినవా బిడ్డా! చూస్తనన్నవ్, మాట నిలవెట్టుకున్నవ్. జూడు మరి."

"ఏంది అవ్వా చూసేది?"

"గీ బాట. బస్సు వచ్చెతందుకు బాగలేదట."

ఆయన వెనక్కి తిరిగి మెయిన్ రోడ్డు దాకా చూశాడు. ఎర్రటి మొరం, కొట్టేసిన కొమ్మలు, బాట మీద బారులు తీరిన తన బండ్లు.

"మంచిగనే ఉంది గదా అవ్వా?"

"గదే నేననేది! మరి బస్సెందుకు రాదు?"

అప్పుడు ఆయనకు గుర్తొచ్చింది. ఆ గది, ఆ ఫోన్, అవ్వ అడిగిన "ఏ దినం" అన్న మాట. గుర్తొచ్చిందని ఆయన ముఖం చూస్తేనే తెలిసిపోయింది. కోపం వస్తుందేమోనని నేను భయపడ్డాను. ఆయన నవ్వాడు. ముందు మెల్లగా, తర్వాత దండలు ఊగేలా. నవ్వుతూనే డిపోకు ఫోన్ చేసి అందరికీ వినబడేలా పెట్టాడు. బాట బాగలేదు సార్ అని అవతలి గొంతు అంటే, "నేను ఆ బాట మీదనే నిలవడి మాట్లాడుతున్న. నా బండ్లన్నీ వచ్చినయ్. ఇయ్యాల సాయంత్రం బస్సు లోపటికి రావాలె" అన్నాడు. నిరసన షామియానా వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. కొట్టాక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అవ్వ కాల్చిన మక్కకంకి చేతిలో పెడితే ఆయన కల్వర్టు గోడ మీద కూర్చుని తిన్నాడు. పోతూ పోతూ, "ఇగ ఎవ్వరికీ చూస్త అనను అవ్వా" అన్నాడు.

"అను బిడ్డా. అంటెనే గదా వస్తవ్."

బండ్లు పోయాక గంజులు కడిగిస్తూ అడిగాను. "నిజంగనే నీకు తెల్వదా అవ్వా, చూస్త అంటే ఏందో?"

"తెల్వకేంరా? ముక్కుపుడక కొనియ్యమంటె మీ తాత చూస్త చూస్త అనుకుంటనే ముసలోడాయె. ఏ దినమని అడగకపోతి ఆయనను." ఖాళీగా ఉన్న తన ముక్కు తుడుచుకుని పకపకా నవ్వింది.

పొద్దుగూకే వేళ దూరంగా హారన్ వినిపించింది. బస్సు తిరగాల్సిన చోట నా పెద్ద షామియానా ఇంకా నిలబడే ఉంది. నేను తాళ్లు విప్పుతుంటే బావా బామ్మర్దులు ఇద్దరూ పరుగెత్తుకొచ్చి చెరో గుంజ పట్టుకున్నారు. బస్సు కల్వర్టు దాటి వచ్చి మా మధ్య ఆగింది.

పిల్ల మెట్టు మీద నుంచే మొదలుపెట్టింది. మెయిన్ రోడ్డు రాగానే అలవాటు కొద్దీ సంచి భుజాన వేసుకుని లేచిందట. "ఏడికి దిగుతున్నవ్? కూసో, మీ ఊరు ఇంకా రాలే" అన్నాడట కండక్టర్. రోజూ నడిచే బాటను కిటికీలోంచి చూస్తుంటే ఎక్కడికో కొత్త ఊరికి పోతున్నట్టు అనిపించిందట. తల్లి పిల్ల భుజం మీది సంచి అందుకుని ఇంటివైపు నడిచింది.

మర్నాడు పొద్దున కుర్చీలు ఎక్కిస్తుంటే బస్సు మళ్లీ వచ్చింది. పిల్ల తడి జడ అల్లుకుంటూనే పరుగెత్తి ఎక్కింది. వాళ్లింటి గోడ మీద చాట లేదు. అవ్వ దాన్ని వాకిట్లోకి దించి, నిండా మక్కలు ఎండబోసి, కోళ్లను తోలుతూ కూర్చుంది.