పరాయి నదిలో మా అతుకు

మొన్న ఆదివారం ఉదయం రాణిగంజ్‌లో సిగ్నల్ పడి ఆటోలో కూర్చుని ఉంటే, పక్కన ఆగిన వ్యాను నెత్తిన తాళ్ళతో కట్టిన రెండు కయాక్ పడవలు కనిపించాయి. సన్నగా, పొడవుగా, ఎండకు నిగనిగలాడుతున్న వాటిని చూడగానే ఈ వయసులోనూ చెయ్యి చాచి ఒకసారి అడుగు తడమాలనిపించింది.

రాంగోపాల్‌పేటలో కూలర్లకు ఫైబర్ తొట్లు చేసే షెడ్లు మా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. అందులో ఒకటి నాది. గ్లాసు గుడ్డ పరిచి, దాని మీద రెసిన్ అనే జిగురు పూసి ఆరబెట్టడమే నా పని. హుస్సేన్ సాగర్‌లో తెడ్లు వేసే క్లబ్బు వాళ్ళ పడవలు రాళ్ళకు తగిలి పగిలినప్పుడల్లా నా దగ్గరికే వచ్చేవి, అలా అలా నేనూ క్లబ్బు మనిషినైపోయాను. నా వెంట తిరిగి తిరిగి మా అక్క కూతురు తెడ్డు పట్టింది. దానికి జోడీ మా కోచ్ గారి అమ్మాయి; ఆయన సైన్యంలో సుబేదారుగా చేసి సైనిక్‌పురిలో స్థిరపడ్డ మనిషి.

పోర్చుగల్‌లో జరిగే కయాక్ మారథాన్‌కు ఆ ఇద్దరినీ తీసుకుపోదామని కోచ్ గారు పట్టుబట్టినప్పుడు, మౌలాలిలో ఉండే మా అక్క, నేను ఆపా అని పిలిచేది, నేను వెంట వెళితేనే పంపుతానంది. బయలుదేరే రోజు నా చెయ్యి పట్టుకుని, "తమ్మీ, నాకేం గెలుపులు వద్దు. పిల్ల నీళ్ళల్ల ఉన్నంతసేపు నీ కండ్లు దాని మీదనే ఉండాలె," అన్న మాట విమానంలో దారి పొడుగునా నా చెవుల్లో మోగుతూనే ఉంది.

అక్కడ అద్దెకు తీసుకున్న పడవను పందానికి ముందురోజు పొద్దున నీళ్ళలో దించి చూస్తే, అమ్మాయిల కాళ్ళ దగ్గర నీరు ఊరింది. అడుగున వెంట్రుకంత చీలిక. వేరే పడవ లేదు. కోచ్ గారు నా వైపు తిరిగి, "మేస్త్రీ, ఇగ నీదే భారం," అన్నారు. పడవల యజమాని ఇచ్చిన రెసిన్ డబ్బా మీది అక్షరాలు నాకు తెలియవు, గట్టిపడే మందు కంటి అంచనాతోనే కలిపి, చీలిక మీద గుడ్డ పరిచి పూశాను. మన వేసవిలో చాయ్ తాగి వచ్చేలోపు గట్టిపడే సరుకు, ఆ చలిలో మధ్యాహ్నం దాటినా జిగురుగానే ఉంది. చివరికి మేము దిగిన ఇంటావిడ జుట్టు ఆరబెట్టుకునే మిషన్లు రెండు ఇస్తే, పిల్లలిద్దరూ చెరో పక్కన కూర్చుని, తలంటిన పసిబిడ్డకు ఆరబెట్టినట్టు ఆ పడవకు వెచ్చటి గాలి పట్టారు. సాయంత్రానికి గోరు నొక్కితే దిగలేదు. ఏం కాదని వాళ్ళతో గట్టిగా చెప్పాను గాని, నా లోపల మాత్రం నమ్మకం అంత గట్టిగా లేదు.

పందెంలో నది మీద నాలుగు చుట్లు తిరగాలి. ప్రతి చుట్టులో ఒకచోట పడవను నీళ్ళలోంచి తీసి, భుజాన వేసుకుని ఒడ్డు వెంట పరుగెత్తి, మళ్ళీ దించాలి. అక్కడ నీళ్ళ సీసాలు పట్టుకుని నిలబడటం నా పని. రెండు చుట్లు చక్కగా వచ్చారు. మూడోసారి రాలేదు. వాళ్ళ వెనకాల ఉన్న పడవలు కూడా ఒక్కొక్కటే వచ్చి దాటిపోయాయి. ఒంటి మీద తేలే జాకెట్లు ఉన్నాయని తెలిసినా, ఆ చల్లటి నీళ్ళలో నా అతుకు ఊడి పడవ కుంగిపోతున్నట్టే కళ్ళకు కట్టింది. నోటికొచ్చిన దువాలన్నీ చదివాను. అప్పటిదాకా గొంతు పోయేలా అరిచిన కోచ్ గారు నా చొక్కా చెయ్యి పట్టుకుని, తనకు తానే చెప్పుకుంటున్నట్టు, "వస్తరు... వస్తర్లే," అన్నారు.

మలుపులో రెండు తలలు కనిపించాయి. వాళ్ళు ఒడ్డుకు దూకి పడవను ఎత్తగానే నేను సీసాల సంగతి మరచి అడుగున చెయ్యి పెట్టాను. మా మేనకోడలు రొప్పుతూ, "మామూ, నీ అతుకు మంచిగనే ఉన్నది, ముందుగాల నీళ్ళియ్యి!" అని కసిరింది. చుక్కానికి నాచు చుట్టుకుని పడవ తిరగలేదట. ఒడ్డుకు చేర్చి, నడుము లోతు నీళ్ళలో నిలబడి పీకేసరికి ఇంతసేపు పట్టిందట. వాళ్ళు మళ్ళీ నీళ్ళలోకి దిగాక గడ్డిలో కూలబడి పిచ్చివాడిలా నవ్వాను. కోచ్ గారు అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. ఆ రోజు మా వాళ్ళు చివరి నుంచి మూడోవాళ్ళు. ఫోన్ చేసి అంతా ఖైర్, క్షేమమేనని ఆపాకు చెప్పాను. అవతల ఆమె ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

ఇప్పుడు నా షెడ్డు లేదు, కోచ్ గారూ లేరు. మా మేనకోడలే పిల్లలకు తెడ్డు నేర్పిస్తోంది. వాళ్ళు పరదేశం పందాలకు వెళితే పడవకో చిన్న మిషన్ కడతారట, ఎవరు ఎక్కడున్నారో తెలిసేలా ఆ పడవలు ఇక్కడ ఫోన్‌లో చుక్కలై కదులుతుంటాయి. తల్లులు కూర చేసుకుంటూ చూసుకుంటారు. మంచిదే, ఆ ఒడ్డున మేము ఎదురుచూసిన అరగంట లాంటిది ఏ తల్లికీ రాకూడదు. కానీ అన్నీ ఇలా ముందే తెలిసిపోయే కాలంలో, ఆ రోజు ఆ గడ్డిలో నాకు దొరికినంత నిమ్మళం మళ్ళీ ఎవరికైనా దొరుకుతుందా అని అప్పుడప్పుడూ అనుకుంటాను.