కుడిచెవి కోసిన పన్నెండు గొర్రెలు

2003లో, వరుస కరువుల నడుమ, బెళుగుప్ప దగ్గరి మారెక్కకు మొగుడు పోయాడు. దినాలైన మర్నాడే మరిది సోమప్ప మందనంతా తన దొడ్లోకి తోలుకున్నాడు. అందులో పన్నెండు గొర్రెలు ఆమె పుట్టింటివి. ఆమె బతుకంతా వాటి మీదే. పెద్దమనుషులు "కలిసుండండి" అని నీతి చెప్పి, కాఫీ తాగి లేచారు. నీతి ఈనదు కదా.

కల్యాణదుర్గం కోర్టులో ఆడవాళ్లకు సర్కారే వకీలును పెడుతుందని అంగన్‌వాడీ టీచరు చెప్పింది. మారెక్క తెల్లకాగితం మీద అర్జీ రాయించి వేలిముద్ర వేసింది. ఆడమనిషి గనక రాబడి ఎంతని ఎవరూ అడగలేదు. పది రోజుల్లో ఖైరున్నీసా అనే వకీలును ఆమె పక్షాన వేశారు.

మారెక్కకు నమ్మకం కుదరలేదు. ఫీజు పుచ్చుకోని వకీలు నోరు విప్పుతుందా? పుట్టింట్లో ఒక గొర్రెపిల్లను అడిగి తెచ్చుకుని, చంకనేసుకుని బస్సెక్కి నేరుగా వకీలు గదికి వచ్చింది.

"ఏమిది మారెక్కా?"

"నీకేనమ్మా. ఊరికే చేయించుకుంటే కేసు నిలుస్తాదా?"

"ఇది తీసుకుంటే నా వకీలుతనమే నిలవదు. నాకు సర్కారు ఇస్తాది, నువ్వు గాదు." పిల్ల తల నిమురుతూ ఖైరున్నీసా ఆగింది. "కుడిచెవి కొస తెగిందే?"

"తెగల్లే, కోసినారు. మా పుట్టింటి గుర్తు. నా పన్నెండిటికీ ఇదే. మా మరిదోళ్లది ఎడమ చెవి."

"మరి అర్జీలో రాయించలేదేమి?"

"గొర్రెల చెవుల సంగతి కోర్టుకెందుకమ్మా!"

నోటీసు అందుకున్న సోమప్ప లోక్ అదాలత్‌కు తెల్ల పంచె కట్టుకొచ్చాడు. అక్కడ ఇద్దరూ రాజీకి ఒప్పుకుంటే ఆ రోజే తేలిపోతుంది, మళ్లీ అప్పీలు ఉండదు.

"ఏమప్పా, మీ ఇంటి మందకు గుర్తేమి?" అని ఖైరున్నీసా అడిగింది.

సోమప్ప ఛాతీ విరిచాడు. "ఎడమ చెవి కోత. మా తాత నాటినుంచీ అదే. కుడిచెవికి మా ఇంట్లో కత్తే తగల్లే."

"మరి నీ దొడ్లో కుడిచెవి కోసినవి పన్నెండు ఉండాయంట. అవెవరివి?"

సోమప్ప జడ్జిని చూశాడు, వదినను చూశాడు, తల గోక్కున్నాడు. "తోలుకుపొమ్మను సార్. నేనేమన్నా తినేస్తినా?"

మారెక్క కళ్లప్పగించి చూసింది. తన గొర్రెల చెవుల గురించి నల్లకోటు మనిషి అడగడం, జడ్జి కలం ఆపి వినడం! "నేనెవురని సర్కారుకు?" అని గొణుక్కుంది.

గుమాస్తా రాజీపత్రం చదివాడు: పన్నెండు గొర్రెలు, వాటి పిల్లలు మారెక్కవి.

"ఇంకోసారి సదువు నాయనా."

చదివాడు.

"పేరు కాడ నిదానంగా."

ఈసారి జడ్జి కూడా తలెత్తి విన్నాడు.